పాండురంగారావు మేష్టారి ఫుట్‌బాల్ వ్రతభంగం

కొంగలు బారులు తీరు కొల్లేటి తీరాన, చేపల చెరువుల గట్ల నడుమ వెలసిన మండవల్లి దాపు పాఠశాలా మైదానమున, మాఘమాస భానువాసర సాయంసమయమున, కరెంటు పోయి ఊరెల్ల వెలుపలికి వచ్చిన శుభముహూర్తమున, ఉపాధ్యాయ సేనకును చెరువుల రైతుల సేనకును ఫుట్‌బాల్ మహాసంగ్రామము సంభవించెను. రైతులు గెలిచిరా, నెల్లాళ్లు ఆ మైదానమున వలలు ఆరవేసికొందురు; గెలవకున్నచో అది బడిపిల్లలదే. ఇదీ పందెము.

గోలు రక్షణకు నిలిచినవాడు తెలుగు పండితుడు, సమాసభయంకరుడు, ఎగగట్టిన పంచెతో వెలుగొందు పాండురంగారావు. పేరొకటీ తీరొకటీ అయినచో సహింపజాలని వంశమతనిది. కావున రెండు చేతులూ వెనుకకు కట్టుకొని నిలిచెను.

"మేష్టారూ, గోల్‌కీపరు చేతులు వాడొచ్చండీ! రూల్సే అలా ఉన్నాయండీ!" అని డ్రిల్లు మాస్టారు గంగరాజు మొత్తుకొనెను.

"ఓయి గంగరాజా! హ్యాండ్‌బాల్‌న చేయి కలదు, త్రోబాల్‌న విసురుట కలదు. బాస్కెట్‌బాల్ బుట్టకు అడుగే లేదు; ఆ అపచారమునూ సహించితిని. పాదనామాంకితమైన ఈ క్రీడలో చేయి పెట్టుమందువా? ప్రాణములైన విడుతును గాని పేరు చెడనీయను!"

"ఏవండీ, పేరు సంగతి తర్వాత చూసుకుందురు గాని, ముందు బంతిని చూడండీ!" అని గట్టుమీదినుండి ధర్మపత్ని ఉమాకుమారి హెచ్చరించెను.

అతడు కాళ్లతో కాచెను, మోకాళ్లతో కాచెను, ఒకమారు బొజ్జతోనూ కాచెను. బొజ్జ పాదమెట్లయ్యెనని అడుగ ఎవరికీ నోరు రాలేదు.

తుది నిమిషమున, చేపల మేత బస్తాలు మోసి కండలు తిరిగిన రైతు చిట్టిబాబు తన్నిన తన్నుకు బంతి గోలు కర్రను తాకి వెనుదిరిగెను. కాలెత్తిన పండితుడు జారి వెల్లకిల పడెను. బంతి అతని తలకు తగిలి, చూడిగేదె నడకతో మరల గీతవైపు దొర్లసాగెను. కాలు అందదు, చేయి అందును.

"చెయ్యి మేష్టారండీ, చెయ్యి!" అని పిల్లలు గొల్లుమనిరి.

మైదానమంతా వలలు పరచినట్లూ, బంతి చంకన పెట్టుకొని పిల్లలు గట్టున నిలిచినట్లూ అతనికి కనబడెను.

"నామమా, క్షమింపుము!" అని గర్జించి చిటికెనవేలు చాచెను. బంతి ఆగెను. ఈల మ్రోగెను.

"మరి పేరండీ, మేష్టారూ?" అని చిట్టిబాబు నవ్వుచు చేయందించి లేపెను.

"ఆ పేరు పెట్టినవాడెవడో ఎన్నడూ గోలులో నిలబడి ఉండడు నాయనా!"

ఇట్లు సున్నకు సున్నగా ముగిసిన ఆ ఘోరసమరమున, గీతకు బెత్తెడు దూరమున, ఒక్క చిటికెనవేలి బలిమిచే, పండితాగ్రేసరుడు పిల్లలకు నెల్లాళ్ల ఆటను గెలిచియిచ్చెను. జయము! జయము!