బెల్లం తిన్న రుచి గుమాస్తా

రాణీగారి ప్రభుత్వం తాగదు. రుచి చూస్తుంది. జనం తాగే సారా జనానికి సరిగా ఎక్కుతోందో లేదో కనిపెట్టడం ప్రభుత్వ ధర్మం గనుక, రాజమండ్రిలో కాలువ గట్టున ఉన్న ఆబ్కారీ డిపోకు ఒక రుచి గుమాస్తాను వేశారు.

ఆ ఉద్యోగం లాజరుకు దొరికింది. ఇతను సారా ముట్టడని పాదిరిగారు రాసిచ్చిన యోగ్యతాపత్రం చూసి ఇచ్చారు. (తాగేవాడికి రుచి చూసే పని అప్పగిస్తే సరుకు మిగలదని ఇన్‌స్పెక్టరు అమ్మిరాజు గారి అభిప్రాయం.)

నిబంధనలు కొన్నే. రుచి గుమాస్తా పరగడుపున రావాలి. తిండి నాలుకను మోసం చేస్తుంది. పీపాకొక గ్లాసు పుచ్చుకోవాలి. ఉమ్మకూడదు, ఉమ్మితే ప్రభుత్వ ఆస్తికి నష్టం. తీపి బొత్తిగా నిషేధం.

లాజరు వీటిలో ఒక్కటీ తప్పలేదు. కొన్నేళ్లకు అతనికి భయం మొదలైంది.

తెల్లవారేసరికి లేచి కూర్చునేవాడు. ఒళ్లంతా చెమట. చేతులు వణికేవి. చూరులో పిల్లి కదిలితే తనను పట్టుకుపోవడానికి ఎవరో వచ్చారనుకునేవాడు.

"దేనికండీ భయం?" అంది భార్య సంపూర్ణమ్మ.

"తెలీదే. ఏదో అయిపోద్దనిపిస్తోంది."

"పాదిరిగారేవన్నా అన్నారా?"

"ఆయనెందుకంటారు? తాగుడు కాదుగా, సర్కారు పని."

ఆమె బెల్లం ముక్క తెచ్చి నోట్లో పెట్టింది. కాసేపటికి వణుకు ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకు తెలియదు. రోజూ పెట్టేది. లాజరు నోరు పుక్కిలించుకుని డ్యూటీకి వెళ్లేవాడు.

ఒక రోజు ఇంట్లో బెల్లం నిండుకుంది. డిపోలో అతని చేతిలోని గ్లాసు సగం ఒలికిపోయింది.

"ఏంటయ్యా లాజరూ, రాణీగారి సరుకు నేలకి తాగిస్తున్నావ్?" అన్నారు అమ్మిరాజు గారు.

"భయంగా ఉందండి."

"నేనంటేనా?" (గొంతులో ఆశ ఉంది.)

"కాదండి."

"మరి దేనికి?"

"తెలీదండి."

"తెలియని భయానికి సెలవు లేదయ్యా. కుక్క కరిస్తే ఉంది."

అయినా ధర్మాసుపత్రికి పంపారు. డాక్టరు జ్ఞానప్రకాశం గారు ఒక చిప్పలో మూత్రం పట్టించి, పెరట్లో చీమల దారి పక్కన పెట్టించారు. చీమలు దారి మార్చుకుని వచ్చాయి.

"మధుమేహమోయ్. తీపి మానెయ్."

"బెల్లం తింటేనే వణుకు తగ్గుతోందండి."

"చీమలొచ్చాయా, లేదా?"

"వచ్చాయండి."

"మరి చీమలకన్నా నీకెక్కువ తెలుసా?"

"సారా మానక్కర్లేదాండి?"

"అది తీపి కాదు. పైగా ఆబ్కారీ వారి వ్యవహారం. మా డిపార్టుమెంటు వేలు పెట్టకూడదు."

ఆ విధంగా రెండు డిపార్టుమెంట్లు మొదటిసారి ఒక మాట మీదికి వచ్చాయి: లాజరు బెల్లం తినకూడదు. ఇక అతను పుచ్చుకోవడానికి అందరూ ఒప్పుకున్న వస్తువు సారా ఒక్కటే మిగిలింది. అమ్మిరాజు గారు దయతలచి, రుచి గ్లాసులకు ముందు ధైర్యం గ్లాసు ఒకటి మంజూరు చేశారు. అది దిగగానే భయం పోయేది. మర్నాడు తెల్లవారేసరికి బంధువుల్ని వెంటబెట్టుకుని తిరిగి వచ్చేది.

దొరగారు తనిఖీకి వచ్చిన రోజున, నాలుక శుభ్రంగా ఉండాలని లాజరు చేత ముందురోజు నుంచే ఉపవాసం చేయించారు. అతని నడక చూసి సంపూర్ణమ్మ వెనకే వచ్చి డిపో గుమ్మం దగ్గర కూర్చుంది. పీపాల వరుస సగమయ్యేసరికి లాజరు కూలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. చొక్కా తడిసిపోయింది.

"ధైర్యం గ్లాసు పట్టండి!" అని కేక వేశారు అమ్మిరాజు గారు.

సంపూర్ణమ్మ లోపలికి వచ్చి కొంగుముడి విప్పింది.

"ఏంటమ్మా అది? తీపి పెట్టకూడదు. నిబంధన ఉంది."

"ఉండనివ్వండయ్యా. నిబంధనకి మొగుడు లేడు. నాకున్నాడు."

బెల్లం నలిపి అతని బుగ్గ లోపల రాసింది. మళ్లీ రాసింది. కొంతసేపటికి లాజరు కళ్లు నిలిచాయి. భార్యను గుర్తుపట్టాడు. లేచి కూర్చున్నాడు. (బైబిల్లో లాజరు చచ్చి లేచినవాడు గనుక, పేరు నిలబెట్టాడని పాదిరిగారు తర్వాత సంతోషించారు. ఆబ్కారీ వారికి బైబిలు వర్తించదు.)

"భయం ఉందా?" అన్నారు దొరగారు.

"లేదండి."

"అయితే జబ్బు లేదు," అన్నారు దొరగారు.

జబ్బు లేదని తేలింది గనుక మిగిలింది నేరం. సాయంత్రానికి బర్తరఫ్ ఉత్తర్వు వచ్చింది. అందులో లాజరు సేవను మెచ్చుకున్నారు. ఏ పీపానూ వదల్లేదని, ఏ గ్లాసూ ఉమ్మలేదని రాశారు. ఇన్నేళ్లలో అతని మీద రుజువైన దురలవాటు ఒక్కటేనట: బెల్లం.