మూడు అడ్డకర్రలు

"అమ్మా, ఇవాళ సముద్రానికి వెళ్ళొద్దు," అన్నాడు బు సాంగ్‌చోల్.

"వెళ్ళొద్దామా? నువ్వెందుకురా నాతో? బకెట్టులో ముఖం పెట్టినా మునిగిపోయేవాడివి," అంది తల్లి గో మాల్‌సున్, సముద్రపు నత్తల జావలో గరిటె తిప్పుతూ.

అరవై ఏళ్ళుగా ఊపిరి బిగబట్టి సముద్రం అడుగున నత్తలు ఏరుతున్న మనిషి ఆమె. ఊపిరి ఆమెకే మిగిలింది గాని చెవులు సముద్రం లాగేసుకుంది. జేజు దీవిలో మునిగే ఆడవాళ్ళందరికీ ఇది మామూలే. అరుచుకుంటూనే మాట్లాడుకుంటారు. ముద్దు చేసినా పక్క ఊరికి తగువులాగే వినిపిస్తుంది.

"వెళ్ళొద్దు! వ-ద్దు! డెబ్భై ఆరేళ్ళు నీకు. రక్తపోటు! డాక్టరేమన్నాడు?"

"పోటా? ఆటుపోటుల సంగతి డాక్టరుకేం తెలుసురా?"

సాంగ్‌చోల్‌కు ఒళ్ళు మండింది. అగ్నిపర్వతం కన్న దీవి అది. లావా చల్లారి వేల ఏళ్ళయినా అక్కడి మగవాళ్ళ కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. "సరే! ఇంకొక్కసారి నీళ్ళలో దిగావో, అటునుంచి అటే పో! ఇంటికి రాకు!" అని అరిచాడు.

చెవిటివాళ్ళ చెవులకు తిట్లు ఎప్పుడూ దారి తప్పవు. మాల్‌సున్ గరిటె పెట్టేసి బయటికి నడిచింది.

వాకిట్లో సియోల్ నుంచి వచ్చిన ఇరవై రెండు మంది రిటైరైన టీచర్లు జావ తాగుతున్నారు. సాంగ్‌చోల్ వాళ్ళ గైడు. పొద్దున గిన్నె కొండ, మధ్యాహ్నం లావా గుహ, ఆ తర్వాత జలపాతం, చివరికి మళ్ళీ ఈ రాతి ఇంట్లోనే నారింజ టీ. ఇదీ ఆనాటి పథకం. ఎండ కూడా ఒప్పుకుంది. ఎనిమిదింటికి బస్సు కదిలింది.

పదింటికి గిన్నె కొండ శిఖరం మీద సాంగ్‌చోల్ గొంతు సవరించుకున్నాడు. "ఈ కొండ ఒకప్పుడు నిప్పులు కక్కుతూ సముద్రంలోంచి లేచింది. పొగ మానేసి చాలా కాలమైంది, పొగరు మాత్రం మిగిలింది. ఇక ఎప్పటికీ లేవదు, నాదీ హామీ!"

అప్పుడే ఫోన్ మోగింది. భార్య మీరాన్.

"ఏమండీ, అత్తయ్య ఇంటి ముందు మూడు కర్రలూ వేసున్నాయండీ."

ఆ దీవిలో పాత ఇళ్ళకు తలుపుల్లేని వాకిళ్ళు. వాకిలికి అటూ ఇటూ కన్నాలున్న రెండు రాళ్ళు, వాటి మధ్య అడ్డంగా పెట్టే మూడు కర్రలు. కర్రలు పక్కన పడి ఉంటే ఇంట్లో మనిషి ఉన్నట్టు. ఒకటి వేస్తే పక్కింటికి వెళ్ళినట్టు, రెండైతే సాయంత్రానికి వచ్చేట్టు. మూడూ వేశారంటే ఇప్పట్లో రారనే. కర్రలు వేసిన వాకిలి దాటడం అక్కడ దొంగలకు కూడా తోచని పని.

"మూడా? సరిగ్గా లెక్కపెట్టావా?"

"మూడు లెక్కపెట్టడానికి లెక్కల మాస్టారు కావాలా? పిలిచాను, పలకలేదు."

"ఆవిడ ఎప్పుడు పలికింది గనక! ఒడ్డున పాకలో చూశావా?"

"చూశానండీ. రబ్బరు దుస్తులు లేవు. తేలుడు సొరబుర్ర కూడా లేదు."

అటునుంచి అటే పో. పొద్దున తను విసిరిన మాట తిరిగొచ్చి గుండెకే తగిలింది. సాంగ్‌చోల్ ఒక్క ముక్క మాట్లాడకుండా వెనక్కి తిరిగి మెట్ల మీదుగా కిందికి పరుగెత్తాడు.

అగ్నిపర్వతం మీద ఎవరు పరుగెత్తినా పరవాలేదు, గైడు పరుగెత్తకూడదు.

"ఏమైంది? ఆయనెందుకు పరుగెత్తుతున్నాడు?"

"కొండ లేస్తున్నట్టుంది!"

"లేవదని హామీ ఇచ్చాడుగా!"

"హామీ ఇచ్చినవాడే కదమ్మా ముందు పరుగెత్తేది!"

ఇరవై రెండు జతల మోకాళ్ళు, వాటిలో పది కీళ్ళనొప్పులవి, ఒక్కసారిగా యవ్వనం తెచ్చుకున్నాయి. వాళ్ళను చూసి కొత్త జంటలు, కొత్త జంటలను చూసి ఫోటోగ్రాఫర్లు, ఫోటోగ్రాఫర్లను చూసి ఐస్‌క్రీం బండివాడు. ఆ కొండ మీద ఆ ఉదయం కదలనివి రాళ్ళు మాత్రమే.

హెడ్మాస్టరుగా చేసి రిటైరైన ప్యో, బస్సులో కూలబడి ఆయాసపడుతూ అడిగాడు. "ఎంత సేపట్లో పేలుతుంది?"

"మా అమ్మ..." అన్నాడు సాంగ్‌చోల్, అంతే. మిగతాది ఏడుపులో కలిసిపోయింది. విషయం తెలిశాక బస్సు ఒడ్డు వైపు తిరిగింది. అలవాటు చెడ్డది గనక దారిలో అతని చేయి మైకు పట్టుకుంది. "ఎడమవైపు... లావా గుహ. లోపల చీకటి, చల్లదనం... ఎంత దూరం వెళ్ళినా... అమ్మా!" టీచర్లు ఎడమవైపు చూసి కళ్ళు తుడుచుకున్నారు.

నల్లరాళ్ళ ఒడ్డున మునిగే ఆడవాళ్ళ పెద్ద కాంగ్ చున్‌జా అప్పటికే వెతకడానికి పధ్నాలుగు మందిని నీళ్ళలోకి దించింది. మునిగి లేచిన ప్రతిసారీ వాళ్ళు ఈల వేసినట్టు ఊపిరి వదులుతారు. ఎవరి ఈల వాళ్ళది. తల్లి ఈల ఏదో సాంగ్‌చోల్‌కు పాలు తాగే వయసు నుంచీ తెలుసు. చెవి పెట్టి విన్నాడు. పధ్నాలుగు ఈలలు. పదిహేనోది లేదు.

"పొద్దున ఏమన్నావురా దాన్ని?" అంది చున్‌జా.

"పెద్దమ్మా, నేను..."

"చెప్పక్కర్లేదులే, ఊరంతా విన్నాం."

"అదిగో, నల్లగా ఏదో!" అని ఎవరో కేక పెట్టారు. సాంగ్‌చోల్ ఈత రాని సంగతి మరిచి నడుము లోతు దాకా వెళ్ళిపోయాడు. అది రాయి. ఆ దీవి చుట్టూ నల్లగా కనిపించేదల్లా రాయే. అయినా ప్రతి రాయికీ అతని ప్రాణం ఒకసారి పోయి వచ్చింది. అలలు వచ్చి పోతున్నాయి. అలిగి పోయిన మనిషి మాత్రం రాలేదు.

చివరికి పోలీసు వచ్చాడు. అందరూ కలిసి మాల్‌సున్ ఇంటి ముందుకు చేరారు. గోడ నడుమెత్తు. వాకిలి, లోపల ఇంటి తలుపు, అరుగు మీద జావ గిన్నెలు అన్నీ కనిపిస్తున్నాయి. ఒక్కరూ అడుగు లోపల పెట్టలేదు. పోలీసు కూడా ఆ దీవివాడే. కర్రలు చూసి టోపీ తీశాడు. "మూడున్నాయి. ఇంట్లో లేరన్నమాట," అని పుస్తకంలో రాసుకున్నాడు.

మీరాన్ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలో ప్యో మాస్టారు ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, వంగి, కర్రల కింద నుంచి దూరి ఇంట్లోకి నడిచాడు.

"మాస్టారూ! ఎక్కడికి? లోపల ఎవరూ లేరు!"

"మరీ మంచిది. మరుగుదొడ్డికి వెళ్ళాలి."

అర నిమిషం. లోపల ఏదో పడింది. ఒక మగ కేక, దాన్ని మింగేసే ఆడ కేక. ప్యో మాస్టారు తల పట్టుకుని బయటికి పరుగెత్తుకొచ్చాడు. వెనకే గరిటె ఎత్తి పట్టిన మాల్‌సున్.

"ఎవడ్రా నువ్వు, పడుకున్న ఆడమనిషిని తొక్కుతావు!"

అంతలో ఆమె చూపు గోడవతల పడింది. పోలీసు. నీళ్ళోడుతున్న పధ్నాలుగు మంది స్నేహితురాళ్ళు. ఏడుస్తున్న కోడలు. తడిసి వణుకుతున్న కొడుకు. గరిటె జారిపోయింది.

"ఎవరు పోయారే?" అంది.

"నువ్వే!" అంది చున్‌జా.

"నేనా? ఎప్పుడు?"

"పదింటికి!"

సాంగ్‌చోల్ కర్రల ఇవతలే కూలబడి భోరుమన్నాడు. "దుస్తులు లేవు, బుర్ర లేదు..."

"వద్దన్నావుగా! అందుకే అన్నీ మోసుకొచ్చి మూల పడేశా. మీరు బస్సెక్కక ముందే. ఆ బుర్ర మీదే తల పెట్టుకు పడుకున్నా."

"మరి ఈ కర్రలెవరు వేశారు?" అన్నాడు పోలీసు.

ప్యో మాస్టారు నెత్తి మీది బొప్పి తడుముకుంటూ చేయి ఎత్తాడు, తన బడిలో పిల్లలకు నేర్పినట్టే. "నేనేనండీ. పొద్దున బస్సెక్కే ముందు చూస్తే వాకిలి బార్లా తెరిచి ఉంది, కర్రలు పక్కన పడున్నాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళు బడి గేటు నా చేత్తో మూసినవాణ్ణి. ఒక్కటి వేస్తే సగం పనిలా అనిపించి మూడూ వేశాను."

ఊరు ఊరంతా ఆయన్ని చూసింది. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. "మరి మనలో ఒక్కరమైనా లోపలికి ఎందుకు చూడలేదు?" అంది మీరాన్.

"మూడు కర్రలున్నాక లోపల మనిషి ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు పోలీసు. ఎదురుగా మాల్‌సున్ నిలబడి ఉన్నా, రాసింది కొట్టెయ్యడానికి అతనికి ఇంకా చేయి రావడం లేదు.

మాల్‌సున్ కర్రలు ఒక్కొక్కటే తీసి పక్కన పడేసింది. కొడుకును చెవి పట్టి లేపింది.

"అరవై ఏళ్ళు సముద్రంలో తిరిగాను, ఒక్క రోజు తప్పిపోలేదు. నీ మాట విని ఒక్క పూట ఇంట్లో ఉన్నాను, పోగొట్టుకున్నావు. ఇప్పుడు చెప్పు, ఏది ప్రమాదం?"