హాల్వోర్ క్విస్ట్ సంతాప సభ

ఆ శనివారం ఉదయం టోలెఫ్సన్ వారింట్లో ముగ్గురు మనుషులూ ఒక శవమూ ఉన్నారు. వంటింట్లో ఫోను పక్కన బామ్మ బోర్గిల్డ్. కింద బేస్‌మెంట్‌లో ఆట పటాల మధ్య పందొమ్మిదేళ్ళ అన్నయ్య నెల్స్. ఆ రెంటికీ మధ్య మెట్ల మీద గోళ్ళు కొరుకుతూ పదిహేనేళ్ళ మారిట్. శవం హాల్వోర్ క్విస్ట్‌ది. గురువారం నాడు, పాచికలు వేస్తూ ఒక్కొక్కరూ ఒక్కో కల్పిత వీరుడిగా మాట్లాడే, నెల్స్ నడిపించే ఆటలో, పాడుబడ్డ కోట మెట్ల మీంచి జారిపడి పోయాడు. అతని దేహమంతా ఒకటే కాగితం: పేరు, బలం, కత్తి, కంచరగాడిద.

బళ్ళో హాజరు పలకడానికే చెమటలు పట్టే పిల్ల మారిట్. ఆట బల్ల దగ్గర మాత్రం రెండేళ్ళుగా తను కల్పించిన హాల్వోర్ నోటితో దొంగల్ని గద్దించింది, రాజులతో వాదించింది. అతను పోతే ఆమె గొంతు పోయినట్టే. నెల్స్ ఒక్క అవకాశం ఇచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి ఆమే స్వయంగా ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పదిహేడో, ఆపైనో పడితే హాల్వోర్ లేస్తాడు. పడకపోయినా, ఆమె రాకపోయినా కాగితం చింపేస్తారు.

ఆ బల్ల దగ్గర ఇంకో ఆచారం కూడా ఉంది. ఎవరి వీరుడు పోతే వాళ్ళు మరణవార్త రాసి తేవాలి. ఎవరి కంటైనా పడితే నవ్వుతారని భయపడి, మారిట్ అందులో కత్తుల ఊసే ఎత్తలేదు. "హాల్వోర్ క్విస్ట్, ముప్పై నాలుగేళ్ళు. మెట్ల మీంచి పడి హఠాత్తుగా మరణించారు. నా అన్నవారు లేరు, కంచరగాడిద తప్ప. మాట ఇస్తే తప్పని మనిషి." వంటింట్లో ఉన్న బామ్మ టైపు మిషను మీద తనే కొట్టి, కాగితం అందులోనే మర్చిపోయింది.

ఊళ్ళో ఎవరు పోయినా ఆ కబురు చర్చి వాళ్ళకు చేర్చేది బామ్మే. ఆవిడ ఒకరికి ఫోను చేస్తే వాళ్ళు మరొకరికి, అలా గంటలో ఊరంతా. ఎనిమిదింటికి ఆవిడ ఆ కాగితం చూసింది. హాల్వోర్ ఎవరో ఆవిడకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం అంతకన్నా తెలియదు.

"ఆర్డిస్ వదినా, మన హాల్వోర్ పోయాడే!"

అవతల్నుంచి ఆర్డిస్ అందుకుంది. "అయ్యయ్యో! మొన్నేగా కనిపించాడు!"

మారిట్ పరుగున వచ్చింది. "బామ్మా, అదీ..."

"ఉండవే. వదిన ఏడుస్తోంది." బామ్మ కాగితమంతా ఫోన్లో చదివి వినిపించింది, కంచరగాడిదతో సహా.

పదింటికి ఆర్డిస్, చావింటికి వండి తెచ్చే ఆచారం ప్రకారం, మాంసమూ బంగాళాదుంపలూ కలిపి కాల్చిన హాట్‌డిష్ పళ్ళెంతో దిగింది. ఆమె వెనకే లావోన్, పంది తొడ మాంసంతోనూ, క్యారెట్ తురుము వేసిన ఆకుపచ్చ జెల్లీతోనూ. పదకొండింటికల్లా వంటింట్లో ఏడుగురు ఆడవాళ్ళు చేరారు.

"మా ట్రాక్టరు బురదలో దిగబడితే లాగింది అతనే," అంది లావోన్.

"ఆ కంచరగాడిదతోనేగా?" అంది ఆర్డిస్.

"మరి? దాంతోనే!"

"ఎంత మొహమాటస్థుడో పాపం! ఇంకో ముద్ద తినమంటే తినేవాడు కాదు," అంది మరొకావిడ.

"నా అన్నవాళ్ళు లేరట."

"మనం లేమూ?"

పాస్టర్ ఎక్‌డాల్ వచ్చి టోపీ తీశాడు. "పసిబిడ్డగా ఉన్నప్పుడు బాప్తిస్మం నా చేతుల మీదుగానే జరిగింది," అన్నాడు బరువుగా. ఆయన ఆ ఊరికి వచ్చి నాలుగేళ్ళే అయిందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

మారిట్ చేతికి బంగాళాదుంపలు వచ్చాయి. ఒకటి చెక్కు తీయడం, గడియారం చూడడం. ఇంకొకటి తీయడం, మళ్ళీ చూడడం. లేవబోయినప్పుడల్లా ఎవరో ఒకరు భుజం నొక్కి కూర్చోబెట్టారు. "పని చేస్తే దుఃఖం తగ్గుతుంది తల్లీ."

ఒంటిగంటా యాభై ఐదుకి కింద నుంచి నెల్స్ కేక వేశాడు. "మారిట్! ఐదే నిమిషాలు!"

"చావింట్లో ఆ కేకలేంటమ్మా?" అంది ఆర్డిస్.

మారిట్ కత్తి పడేసి, బామ్మను సామాన్ల గదిలోకి లాక్కెళ్ళింది. "బామ్మా, హాల్వోర్ నిజం మనిషి కాదు. మా ఆటలో మనిషి. నేను కల్పించాను."

బామ్మ పిండి డబ్బా మీద చతికిలబడింది. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. ట్రాక్టరు లాగాడన్న లావోన్ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? పాస్టరుగారి సంగతో?"

మారిట్ అప్పటికే మెట్లు దిగుతోంది. బేస్‌మెంట్‌లో నెల్స్ కాగితం రెండు చేతులా పట్టుకుని, చింపడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమె బంగాళాదుంప తొక్కలంటిన చేత్తోనే పాచిక విసిరింది. అది బల్ల అంచుదాకా దొర్లి, తూలి, ఆగింది. పద్దెనిమిది!

మారిట్ కేక పెట్టింది. హాల్వోర్ గొంతుతో కాదు, సొంత గొంతుతో. అది ఎంత పెద్దదో ఆమెకే తెలియదు. అదే ఊపులో మెట్లన్నీ ఎక్కి వంటింటి తలుపు తోసింది. "బామ్మా! బతికాడు! హాల్వోర్ బతికాడు!"

గుమ్మానికి అడ్డంగా బామ్మ నిలబడి ఉంది. ఆవిడ వెనకాల పాస్టరు పాటలు ఎంచుతున్నాడు, మాంసం పొయ్యిలోకి వెళ్ళిపోయింది, ఆర్డిస్ గొంతు సవరించుకుంటోంది.

"సభ సోమవారం పదింటికి," అంది బామ్మ గొంతు తగ్గించి. "భోజనాలయ్యేదాకా చచ్చే ఉండమను."

తలుపు మూసేసింది. హాల్వోర్ లేచి అప్పటికి ఒక్క నిమిషమైనా కాలేదు.