విమానానికి గడప

ఆ శనివారం లింగస్వామి పెట్టుకున్న పని చాలా చిన్నది. పదకొండింటికల్లా విమానానికి రెండు తలుపులు బిగించాలి, పన్నెండింటికి అన్నం తినాలి, మూడింటికి పట్నం నుంచి వచ్చే తనిఖీ ఆఫీసరుకు విమానం చూపించాలి. ఈ మూడింటిలో కష్టమైనది అన్నం తినడమే అనుకున్నాడు. ఎందుకంటే భార్య అండాలు పోయిన ఆదివారం నుంచి కోపంగా ఉంది, ఆమె కోపం వచ్చినప్పుడల్లా ముందు పప్పులో ఉప్పు మానేస్తుంది.

హుజూర్‌నగర్‌లో ఒక సాలెవాళ్ళ ఇంటికి విమానం ఎట్లా వచ్చిందని అడిగేవాళ్ళుంటారు కాబట్టి ఆ సంగతి చెప్పేయాలి. లింగస్వామి నందికొండ ఆనకట్ట పనిలో మెకానిక్కు. యంత్రాల కోసం వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు, సెలవుల్లో కాలక్షేపానికి బిగించుకుందామని ఒక చిన్న విమానం సామాను మూడు పెట్టెల్లో ఓడ మీద తెప్పించుకున్నాడు. ఇక్కడి ఎండలకు ఆయనకు సెలవుల్లో నిద్ర తప్ప ఇంకేమీ చేతకాలేదు. స్వదేశం పోతూ ఆ పెట్టెలను లింగస్వామికి ఇచ్చేసి, భుజం తట్టి, బతుకుజీవుడా అని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి మూడేళ్ళు విమానం కొట్టంలో, కొట్టంలో ఉండాల్సిన భార్య మగ్గం వసారాలో. వారమంతా ఆనకట్ట దగ్గర, ఆదివారం విమానం దగ్గర గడిపే మొగుడిని ఆమె తిట్టని రోజు లేదు. అయినా పెట్టెలో వచ్చిన బట్ట వానకు తడిసి బూజుపడితే, ఎనిమిది నెలలు కూర్చుని రెక్కలకూ ఒంటికీ సరిపడా గుడ్డ నేసింది ఆమే. కట్టెల చట్రం మీద ఆ గుడ్డ బిగించి, పైన రంగునూనె పూస్తే అదే విమానానికి గోడ అయింది. నేస్తున్నంతసేపూ సణిగింది కానీ, ఒక్క పోగు వదులుగా పడనివ్వలేదు.

ఆదివారం నాడు మాత్రం ఆమె తేల్చి చెప్పింది.

"ఆఫీసరు మంచిగుందంటే ఇమానం ఉంటది. కాదన్నడో, నా మగ్గం కొట్టంలకు వస్తది, నీ ఇమానం బజార్ల పడ్తది. మూడేండ్లు సూసిన. ఇగ నాతోని కాదు."

లింగస్వామి సరేనన్నాడు. అనకపోతే ఏం చేస్తాడు? అతని కోరిక పెద్దది కూడా కాదు. రాయి మీద రాయి లేస్తుంటే ఇన్నేళ్ళూ కింద నిలబడి మెడ నొప్పి పుట్టేలా చూసిన ఆనకట్టను ఒక్కసారి పైనుంచి చూడాలి, అంతే. అన్నీ అయ్యాయి, తలుపులే మిగిలాయి. తలుపులున్న మూడో పెట్టెను చెదలు తిన్నాయి.

అందుకని నెల కిందట వడ్ల పెద్దులును పిలిచాడు. ఆ చుట్టుపక్కల రెండు వందల ఇళ్ళకు దర్వాజలు చేసిన వడ్రంగి పెద్దులు. లింగస్వామి కొలతల పటం ఇవ్వబోతే చేత్తో పక్కకు తోసి, "కాయితమెందుకు తమ్మీ, జాగా చూపెట్టు," అన్నాడు. తాడుతో అటూ ఇటూ కొలిచాడు, రెండు ముడులు వేశాడు, వెళ్ళిపోయాడు. లింగస్వామి కూడా నిశ్చింతగా నందికొండకు వెళ్ళిపోయాడు.

ఈ శనివారం అతను సెలవు పెట్టి ఇంట్లో ఉంటే, పొద్దున తొమ్మిదింటికి ఇంటి ముందు ఎడ్లబండి ఆగింది. నలుగురు మనుషులు ఒక తలుపును దించడానికి తంటాలు పడుతుంటే లింగస్వామి పరుగున ఎదురెళ్ళాడు. టేకు. మూడు వేళ్ళ మందం. మీద తామరపువ్వు, చుట్టూ ఇత్తడి బొడిపెలు. పైభాగంలో అద్దం ఉండాల్సిన చోట కిటికీకి ఇనుప ఊచలు.

"ఇదేందే పెద్దులన్న? పలచటి చెక్కతోని తేలికగ చేయుమన్న గద! ఇది గాలిల లేవాలె."

"లేవనియ్, నేనొద్దన్ననా?"

"గీ ఊచలెందుకు?"

"దొంగలకు."

"ఆకాశంల దొంగలెవరే?"

"ఎప్పటికీ ఆకాశంల్నే ఉంటవా? దిగినంక ఉంటరు గద," అన్నాడు పెద్దులు ఓపికగా.

తర్వాత బండిలోంచి రెండు గడపలు దిగాయి. గడపలు వద్దని లింగస్వామి మొత్తుకున్నాడు. గడప లేని తలుపు తాను పుట్టిన తర్వాత పెట్టలేదనీ, ఇప్పుడు ఈ వయసులో ఆ చెడ్డపేరు తనకు వద్దనీ చెప్పి, పెద్దులు ఉలిని సంచిలో వేసుకున్నాడు. మూడింటికి ఆఫీసరు వస్తాడు. హుజూర్‌నగర్‌లో ఇంకో వడ్లాయన ఉన్నాడు కానీ ఆయన బండిచక్రాలు తప్ప చేయడు. లింగస్వామి గడపలకు ఒప్పుకున్నాడు.

విమానాన్ని కొట్టం బయటికి నెట్టి, రెక్కలు తగిలించి పెరట్లో నిలబెట్టారు. దాని ముక్కు ఉత్తరానికి ఉంది. ఒక్క మనిషి కూర్చునే విమానానికి ఒక తలుపు తూర్పుకూ, ఒకటి పడమటికీ వచ్చాయి. పెద్దులు తృప్తిగా తల ఊపాడు.

"తూర్పు దర్వాజ మంచిది. అటుదిక్కుది పెరటి దర్వాజ అనుకుందాం."

"ఇది తిరుగుతదే అన్న. ఒకపారి తూర్పుకుంటది, ఒకపారి దక్షిణానికుంటది."

పెద్దులు విమానం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"మరి దర్వాజ దక్షిణానికి వచ్చేటట్టు తిప్పకు," అన్నాడు.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. తలుపులు లోపలికి తెరుచుకుంటున్నాయి. లోపల సీటుకు అటు జానెడు, ఇటు జానెడు కూడా జాగా లేదు.

"అన్నా, బయటికి తెరుచుకోవాలె!"

పెద్దులు అతన్ని జాలిగా చూశాడు. "ఇంటి తలుపు ఏడనన్న బయటికి తెరుచుకుంటదా? వచ్చిన చుట్టానికి తలుపు మూతికి తాకాల్నా? మీ నాయిన మంచిమర్యాద తెలిసినోడు. నువ్వేంది గిట్ల?"

చచ్చిపోయిన నాయిన పేరు ఎత్తేసరికి లింగస్వామి వాదన మానుకున్నాడు. పైగా అప్పటికే పదిన్నర. సరే, కూర్చున్నాక కాళ్ళు ముడుచుకుంటే తెరుచుకోకపోతుందా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. తాను సన్నటి మనిషి కాబట్టి ఆ లెక్క తప్పు కూడా కాదు.

ఇక బిగించడమే అనుకుంటుండగా, ముహూర్తం పన్నెండూ నలభైకి అన్నాడు పెద్దులు. అంతేకాదు, ఇంటి ఆడబిడ్డ లేకుండా దర్వాజ ఎత్తి నిలబెట్టరు కనుక, నిన్ననే లింగస్వామి అక్క గుర్వమ్మకు కబురు కూడా పంపాడు. కబురులో విమానం మాట లేదు. 'మీ తమ్ముడు దర్వాజ ఎత్తుతుండు' అని మాత్రమే ఉంది. ఏ ఆడబిడ్డకైనా అంతే చాలు.

పన్నెండింటికి గుర్వమ్మ వచ్చింది. వెంట ఇద్దరు కోడళ్ళు, పాలకుండ, కొత్త పొయ్యిరాళ్ళు. వస్తూనే ఏడుపు.

"కొత్తిల్లు కట్టినవంట! తోడబుట్టినదానికి ఒక్కమాట చెప్పబుద్ధి కాలేదారా? వడ్లాయన చెప్పాలెనా నాకు?"

"ఇల్లు కాదక్కా. ఇమానం."

గుర్వమ్మ కళ్ళు తుడుచుకుని చూసింది. గడపలున్నాయి, తలుపులున్నాయి, కిటికీకి ఊచలున్నాయి. "ఏదో ఒకటి. నీకు కలిగినంతల కట్టుకున్నవు," అని కొంగు నడుముకు చెక్కి, పాలు పొంగించడానికి లోపలికి పోబోయింది. లోపల పెట్రోలు టాంకీ ఉందని లింగస్వామి కాళ్ళావేళ్ళా పడితే, చివరికి రెక్క కింద పొయ్యి పెట్టడానికి ఒప్పుకుంది. అక్కడ కూడా వద్దని బతిమాలి పొయ్యిని వేపచెట్టు దాకా జరిపించేసరికి అతనికి చెమటలు పట్టాయి.

అండాలు ఈ తతంగానికి రానంది. కానీ ఆడబిడ్డ ముందర గడప బోసిగా ఉంటే ఊళ్ళో మాటపడేది తానే కనుక, విసురుగా వచ్చి పసుపు పూసి, కుంకుమ పెట్టి, అంతే విసురుగా వెళ్ళి మగ్గం ముందు కూర్చుంది. గడప కింద నవధాన్యాలు పోశారు. మామిడాకుల తోరణం కట్టారు. కొబ్బరికాయను ఇంజను మీద కొట్టబోతున్న గుర్వమ్మ చేతిని లింగస్వామి గాలిలోనే పట్టుకున్నాడు. రెండున్నరకు తలుపులు కూర్చున్నాయి. అన్నం మాట ఎవరికీ గుర్తులేదు.

ఆఫీసరు చెప్పిన సమయానికి వచ్చాడు. భారీ మనిషి, చేతిలో అంతకు తగ్గ లావు నిబంధనల పుస్తకం. తోరణం చూశాడు, గడప చూశాడు. పుస్తకం తిరగేశాడు. పుస్తకంలో గడప గురించి ఏమీ లేదు.

"తలుపులను లోపల మనిషి కూర్చుని, మూసి, గడియ వేసి పరీక్షించాలి," అని చదివాడు.

"నేను కూసుంట సార్," అని లింగస్వామి ముందుకు ఉరికాడు.

"తనిఖీ చేయవలసినది నేను," అన్నాడు ఆఫీసరు.

"కుడికాలు పెట్టుండ్రి బాబూ," అంది గుర్వమ్మ.

ఆఫీసరు కుడికాలే పెట్టాడు. లోపల వంగి నిలబడి రెండు తలుపులూ మూశాడు, రెండు గడియలూ వేశాడు, ఊపిరి బిగబట్టి సీట్లో కూలబడ్డాడు. ఒక మోకాలు తూర్పు దర్వాజకు, ఒక మోకాలు పడమటి దర్వాజకు బిగుసుకున్నాయి. తలుపులు కదులుతాయేమోనని నెట్టి చూశాడు. కదల్లేదు. మెచ్చుకోలుగా తలూపి, పుస్తకంలో రాసుకుని, గడియ తీసి లాగాడు. అప్పుడూ కదల్లేదు.

"తలుపు తెరవండి!"

"లోపటికే తెరుచుకుంటది సార్. మీరు జర పక్కకు జరుగుండ్రి," అన్నాడు లింగస్వామి.

"జరగడానికి పక్క ఎక్కడుందయ్యా?"

నలుగురూ బయటినుంచి నెడితే ఆఫీసరు కేకలు పెట్టాడు. లింగస్వామి గొడ్డలి కోసం పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి పెద్దులు గడపకు అడ్డంగా బాసింపట్టు వేసి కూర్చున్నాడు.

"పసుపు ఆరలేదు. మూడొద్దుల దాక గీ దర్వాజకు ఇనుము తాకనియ్య."

"ఆఫీసరు లోపటున్నడే!"

"ఉండనియ్. కొత్తింట్ల మూడొద్దులు నిద్ర చేసుడు మంచిదే."

ఊచల వెనక ఆఫీసరు ముఖం ఎర్రబడింది. పెరట్లో అప్పటికే పాతికమంది పోగయ్యారు. ఆ ఊచల్ని, ఆ ముఖాన్ని చూసి, ఈయన చేసిన నేరమేమిటని ఒక ముసలాయన పక్కవాడిని అడిగాడు. మొదటిసారి ఇంటికి వచ్చిన మనిషిని ఉత్తగా కూర్చోబెట్టడం బాగుండదని గుర్వమ్మ ఊచల సందులోంచి పరమాన్నం అందించింది. ఆఫీసరు వద్దన్నాడు. అరగంట తర్వాత తిన్నాడు. గంట తర్వాత ఇంకొంచెం అడిగాడు.

దర్వాజను ఎట్లా తీయాలన్న దానిపై పాతికమందీ పాతిక రకాలుగా చెప్పారు. నూనె పోయమన్నారు, మంత్రసానిని పిలవమన్నారు, ఆఫీసరును రెండు రోజులు పస్తుంచితే చిక్కుతాడన్నారు. తలుపు పక్కన ఉన్నది ఉత్త గుడ్డ అని తెలిసిన మనిషి ఆ గుంపులో ఒక్కడే. అతను మొదటి నిమిషం నుంచీ నోరు విప్పలేదు. గుడ్డ కోస్తే తనిఖీ పోతుంది, తనిఖీ పోతే విమానం బజార్లో పడుతుంది, ఆనకట్టను ఇక పైనుంచి చూడడు. లింగస్వామి తలుపునే చూస్తూ నిలబడ్డాడు. తన మీద తనకే అసహ్యమేసింది.

అయిదు గంటలకు వసారాలో మగ్గం చప్పుడు ఆగింది. అండాలు వచ్చింది. చేతిలో పోగులు కోసే చిన్న కత్తి.

"గోడ గుడ్డదే గద," అంది.

పాతికమందీ పక్కకు జరిగి దారి ఇచ్చారు. అండాలు విమానం ఒంటి మీద చేత్తో తడిమింది, సీటు వెనక ఒకచోట వేలు ఆపింది, అక్కడ కత్తి పెట్టి కిందికి ఒక్క గీత గీసింది. ఎనిమిది నెలల నేత రెండుగా విడిపోయింది. లింగస్వామి ఆ కంతలోంచి దూరి, సీటు వీపుచెక్క మరలు తీసి, ఆఫీసరును భుజాలు పట్టి వెనక్కి లాగాడు.

బయటపడిన ఆఫీసరు చొక్కా సర్దుకుని, నులకమంచం మీద కూర్చుని, సిరా కలంతో నివేదిక రాశాడు. పైకి చదివాడు కూడా. "తలుపులు: అత్యంత దృఢములు. రెండు గంటలు స్వయముగా పరీక్షించితిని."

పెద్దులు ఆ మాటను ఇంకోసారి చదివించుకున్నాడు.

"గోడలు: నాసిరకపు గుడ్డ. ఒక ఆడమనిషి చిన్న కత్తితో కోయగలిగెను. అనుమతి నిరాకరించడమైనది."

లింగస్వామి తల వంచుకున్నాడు. మగ్గం కొట్టంలోకి మోయడానికి మనుషులను ఇప్పుడే పిలవాలా, పొద్దున పిలవాలా అని ఆలోచిస్తున్నాడు. అంతలో అండాలు మంచం ముందుకు వచ్చింది.

"ఏందన్నవు? నాసిరకమా?"

"చూశాను కదమ్మా, ఒక్క గీతకు..."

"నేసినదాన్ని గనుక ఏడ కొయ్యాలెనో నాకెరుక. అతుకు మీద కోసిన. ఇగో కత్తి. ఏదీ, నువ్వు కొయ్యి సూద్దాం."

ఆఫీసరు కత్తి తీసుకుని రెక్క మీద గీశాడు. రంగు లేచింది, గుడ్డ లేవలేదు. రెండు చేతులతో గీశాడు. చివరికి కత్తి మొన విరిగింది. ఆయన చెమట తుడుచుకుని, గుడ్డ మంచిదే అయినా సిరాతో రాసినది కొట్టివేయడానికి నిబంధన లేదనీ, ఆరు నెలల తర్వాత మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చనీ చెప్పి, పరమాన్నం బాగుందని గుర్వమ్మకు దండం పెట్టి జీపు ఎక్కాడు.

"మగ్గం ఎప్పుడు జరుపుమంటవు?" అని మెల్లగా అడిగాడు లింగస్వామి.

"ఎందుకు జరుపుడు? ఇమానం కొట్టంలకు నెట్టు, వానొస్తే తడుస్తది," అంది అండాలు. "నా నేతను నాసిరకమంటడా? ఈపారి అతుకు లేకుంట నేస్త. ఎవడు కోస్తడో నేనూ సూస్త. నువ్వు ముందుగాల అన్నం తిను."

ఆ రోజు పప్పులో ఉప్పు ఉంది. లింగస్వామి రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఆరు నెలల తర్వాత తనిఖీకి వచ్చినప్పుడు ఆఫీసరు నిబంధనల పుస్తకంతో పాటు ఒక పెద్ద కత్తెర కూడా తెచ్చుకున్నాడు.