పేరిందేవికి పడిన సూది

ఒక పెద్ద అడవిలో పేరిందేవి అనే చెవులపిల్లి కావలి ఉద్యోగం చేస్తుండేది. అడవి అంచున కూర్చుని చిరుత అడుగుల చప్పుడు వినడం, వినగానే వెనక కాళ్లతో నేలను దబదబా బాదడం ఆమె పని. ఆ చెవుల పుణ్యమా అని అడవంతా గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోయేది.

ఆ సంవత్సరం పందిపిల్లల రక్తంలో పురుగు చేరి అవి చావుబతుకుల్లో పడ్డాయి. డాక్టరమ్మ గుడ్లగూబ వాటి బరువు తూచి, మూత్రం సరిగ్గా పోతోందో లేదో చూసుకుంటూ జెంటామైసిన్ సూది వేసింది. పిల్లలు లేచి గంతులేశాయి. ఎన్నికలు ముంచుకొస్తున్నాయేమో, సర్పంచి ఎలుగుబంటి భల్లయ్య వెంటనే ‘ఇంటింటికీ సూది’ పథకం ప్రకటించాడు. జలుబుకీ అదే, ఒళ్లునొప్పులకీ అదే.

సరిగ్గా అప్పుడే పేరిందేవికి జలుబు చేసింది. మొదటి సూది ఆవిడకే అన్నారు.

గుడ్లగూబ అడ్డుపడింది. "ఈ మందు, పురుగు ఒంట్లో ఉండే వంటింట్లో దూరి వంటవాడిచేత అన్నీ తప్పుగా వండిస్తుందండీ. ఆ పాడుకూడుతో పురుగు చస్తుంది. జలుబు తెచ్చే పురుగుకి సొంత వంటిల్లే లేదు. మందు మాత్రం పోయి మూత్రపిండాల్లో, లోపలి చెవిలో కూర్చుంటుంది. చెవిలో సన్నటి వెంట్రుకలుంటాయి, రాలితే మళ్లీ మొలవవు. ఈవిడ చెవులు పోతే మన గతేంటి?"

"పోనీ, మాత్రగా ఇవ్వకూడదా?" అంది పేరిందేవి భయంభయంగా.

"నోట్లో వేస్తే ఇది ఒంటికి పట్టదమ్మా."

"పట్టినా వద్దు," అన్నాడు భల్లయ్య. "మాత్రిస్తే వైద్యం చేశామని ఎవరొప్పుకుంటారు? సూది గుచ్చుకుంటేనే జనానికి నమ్మకం."

పేరిందేవికి పారిపోవాలనిపించింది. కానీ సర్పంచిగారు దండ పట్టుకుని నిలబడితే కాదనడం ఎలా? మొహమాటపడి చెయ్యి చాపింది. కాంపౌండరు ముళ్లపంది రోజూ వచ్చి గుచ్చిపోయాడు. జలుబు దానంతటదే తగ్గింది, పేరు సూదికొచ్చింది. భల్లయ్య కూడా బలానికి మంచిదని చాటుగా రోజూ వేయించుకోసాగాడు.

కొన్నాళ్లకు పేరిందేవి చెవుల్లో జోరీగ రొద మొదలైంది. నడిస్తే తూలేది. ఆ తర్వాత రొదా పోయింది, అన్నీ పోయాయి. ఎండుటాకు మీద అడుగేస్తే చప్పుడు లేదు. ఆమె కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపూ ఆమెకు వినబడలేదు.

మొరపెట్టుకుంటే, ఇంకో సూది వేయమన్నారు.

విజయోత్సవ సభలో భల్లయ్య ఛాతీ విరిచాడు. "మా పథకం వచ్చాక కావలి ఒక్కసారైనా నేల బాదిందా? చిరుత భయమే పోయింది!"

చప్పట్లు మోగుతుండగా వేదిక వెనక పొదలు కదిలాయి. పేరిందేవి కళ్లు చిరుతను పట్టాయి. కాళ్లు అరిగేలా నేలను బాదింది. విన్నవాళ్లంతా పరుగెత్తారు. భల్లయ్యకు మాత్రం వినబడలేదు, ప్రసంగం మధ్యలోనే చిరుత నోట్లోకి వెళ్లిపోయాడు.

కొత్త సర్పంచి నక్క విచారణ జరిపించి, కావలి నిర్లక్ష్యమే కారణమని తేల్చి పేరిందేవిని పనిలోంచి తీసేసింది. సూది పథకానికి భల్లయ్య పేరు పెట్టింది. అందరూ తనవైపే చూస్తుంటే మెచ్చుకుంటున్నారనుకుని, పేరిందేవి లేచి చేతులు జోడించింది.

నీతి: కావలివాళ్ల చెవులు పోగొట్టుకున్న అడవికి చిరుత భయం ఉండదు.