గొర్రెకు లేని జబ్బు

పాల మీది మీగడ ఎవరు తీశారన్న విషయంపై ఆ ఉదయం మండలాధ్యక్షుడు లక్ష్మీరాజం గారింట్లో చిన్న చర్చ జరిగింది. చాయ్‌లో మీగడ తేలకపోతే ఆయనకు ప్రజాసేవ చేయబుద్ధి కాదు. పిల్లి తాగిపోయిందని తల్లి శంకరవ్వ అన్నది. తాగినాక మళ్ళీ మూత పెట్టిపోయే పిల్లిని తానింతవరకు చూడలేదని భార్య కళావతి అన్నది. తల్లికీ భార్యకీ సమన్యాయం చేస్తూ అధ్యక్షులవారు పిల్లినే మందలించి సభకు బయలుదేరారు.

కోరుట్ల చుట్టుపక్కల మండలాలు కొత్తగా ఏర్పడిన రోజులవి. ఆ రోజు మంత్రిగారు వచ్చి ‘ఒకే కప్పు’ పథకం ప్రకటించారు. పేదలకు గొర్రెలిస్తారు. వాటిని ఇంట్లో ఉన్న బర్రెల కొట్టంలోనే కట్టాలి. వేరే కొట్టం ఖర్చు ప్రభుత్వానికి మిగులుతుంది, పెద్ద జీవం, చిన్న జీవం కలిసి మెలిసి ఉండటం చూసి ప్రజలు బుద్ధి తెచ్చుకుంటారు. గొర్రె, బర్రె ఒక్క చోట నెమరు వేస్తే అదే సోషలిజమని మంత్రిగారు అనగానే చప్పట్లు మోగాయి. గొర్రెల కాపరి బక్కయ్య ఒక్కడే కొట్టలేదు. అతని తాతల నాటి నుంచి గొర్రెల మందను బర్రెల దగ్గర పడుకోబెట్టింది లేదు. అతని చేతిలో కర్ర ఉండటమే కారణమని అధ్యక్షులవారు మంత్రిగారికి సర్దిచెప్పారు. ఆదర్శంగా ఉండాలని మొదటి గొర్రెలను తన బర్రె ఉన్న కొట్టానికే తోలించుకున్నారు.

ఆ కొట్టంలో పేడ తీసే గౌరవ్వకు కూడా గొర్రెలొచ్చాయి. ఆమెకు రెండు బర్రెలు. వాటి పాలతోనే ఆమె, భర్త పోయిన కోడలు సత్యవ్వ, చిన్న మనవరాలు బతుకుతున్నారు. చలికాలం వచ్చేసరికి ఒక బర్రెకు కాలిపోయే జ్వరం వచ్చింది. ముక్కులు కారాయి, కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. మూడో నాటికి పడిపోయింది. పక్కనే గొర్రెలు నిక్షేపంగా ఆకు నములుతున్నాయి.

పశువుల డాక్టరు దేవదాస్ వచ్చి చూసి, అధ్యక్షులవారింట్లో కూర్చుని, గడప దగ్గర గౌరవ్వ వింటుండగా కళావతికి చెప్పాడు.

“గీ వైరస్ గొర్రె ఒంట్లనే ఉంటదమ్మా. తరతరాల సోపతి, దానికేం గాదు. బర్రెకు కొత్త. గొర్రె ముక్కు చీమిడి నుంచి దీనికి అంటుకుంటది. మందు లేదు. దూరం కట్టుడే మందు.”

ఎప్పటికైనా గొర్రె ఒంట్లోంచి పోతుందా అని కళావతి అడిగింది.

“పోదు. హెర్పిస్ జాతి ఒక్కసారి జొచ్చిందంటే సచ్చేదాక ఉంటది. జరమచ్చినప్పుడు మన పెదిమె మీద పొక్కు లేస్తది సూడుండ్రి, గదీ దీని చుట్టమే.”

అధ్యక్షులవారు పెదవి తడుముకున్నారు. ఒకసారి చేరాక కదలకుండా ఉండటం రాజకీయాల్లో కూడా అంత సులువు కాదని మెచ్చుకున్నారు.

డాక్టరు ఇదంతా రాసి పంపిన రిపోర్టు జగిత్యాల చేరకముందే బస్టాండు గోడ మీద అన్నల పోస్టరు వెలిసింది. తునికాకు రేటు పెంచాలి, పాలేర్ల జీతాలు పెంచాలి అన్న డిమాండ్ల కింద, బర్రెల నుంచి గొర్రెలను వెంటనే వేరు చేయాలని కూడా ఉంది. దాంతో ఆ జబ్బు పశువైద్య శాఖ నుంచి పోలీసు శాఖకు బదిలీ అయింది.

ఎస్సైగారు పద్ధతి గల మనిషి. గొర్రెలను వేరుగా కట్టినవాడు నక్సలైట్ల ఆజ్ఞ పాటించినట్టేనని తేల్చారు. కానిస్టేబుళ్ళు కొట్టాలు తనిఖీ చేశారు. సిరిసిల్ల నుంచి అక్క ఇంటికి వచ్చిన, సాంచాల మీద బట్ట నేసే కార్మికుడు పోశానికి గొర్రె లేదు, బర్రె లేదు. రెండింటినీ అంత దూరం ఎందుకు పెట్టావని అతన్ని ఒక పూట కూర్చోబెట్టారు. డాక్టరును పిలిచి, అన్నలు నీ దగ్గర నేర్చుకున్నారా, నువ్వు అన్నల దగ్గర నేర్చుకున్నావా అని మర్యాదగానే అడిగారు. దేవదాస్ చాయ్ తాగినంతసేపు ఆలోచించాడు. గొర్రె ఆరోగ్యంగా ఉన్నందున దానికి జబ్బు లేదనీ, బర్రె చచ్చిపోయినందున దానికిప్పుడు ఏ జబ్బూ లేదనీ కొత్త రిపోర్టు రాసిచ్చాడు.

గౌరవ్వకు చదువు రాదు. పోస్టరు సంగతి తెలియదు. డాక్టరు మొదట చెప్పిన మాట మాత్రం గుర్తుంది. గొర్రెలను కొట్టంలో వదిలి, మిగిలిన బర్రెను తాము పడుకునే ఇంట్లోకి తెచ్చి కట్టింది. తనిఖీకి వచ్చిన కానిస్టేబుళ్ళకు పొయ్యి పక్కన నెమరు వేస్తున్న బర్రె దొరికింది. గౌరవ్వను స్టేషనుకు తీసుకుపోయారు.

సత్యవ్వ ఏడుస్తూ వచ్చి చెప్పగానే కళావతి భర్తను లేపింది. ఆయన ఇస్త్రీ ఖద్దరు తొడుక్కుని వెళ్ళి, పొద్దు గూకేలోగా గౌరవ్వను వెంటబెట్టుకొచ్చారు. ఆమె ఆయన కాళ్ళ మీద పడింది.

“నాకు అన్నలెరుక లేదు, తమ్ములెరుక లేదు బాపూ. ఒక్క బర్రె మిగిలింది. గదాన్ని బతుకనియ్యుండ్రి.”

తాను ఉండగా భయం లేదని అధ్యక్షులవారు అభయమిచ్చి పంపారు. శంకరవ్వ కొడుకుకు దిష్టి తీసింది.

రాత్రి అందరూ అన్నాలకు కూర్చున్నారు. కళావతి వడ్డించింది. ఆయన రెండు ముద్దలు తిని గొంతు సవరించుకున్నారు.

“ఎస్సై సాబుకు మాటిచ్చి విడిపిచ్చుకచ్చిన. రేపటి సంది గౌరవ్వ బర్రె మన కొట్టంల, గొర్ల పక్కన ఉంటది. పూచీ నాది.”

“మన బర్రె ఉండంగ జాగేది?” అన్నది కళావతి.

“మనది ఇందాకనే కోరుట్లకు పోయింది, మీ నాయిన దగ్గరికి. టెంపో ఎక్కిచ్చిన. ఎవలన్న అడిగితే వేరు కట్టినమని అనకుండ్రి. సుట్టపుసూపుకు పోయిందనుండ్రి.”

కళావతి గరిటె కింద పెట్టింది. “గౌరవ్వకు ఎవలు చెప్పాలె?”

“చెప్పుడేంది? నువ్వు పిలిస్తె ఆమెనే తోలుకస్తది. స్టేషన్ల నుంచి తెచ్చింది నేనేనాయె. జర పచ్చిపులుసు పొయ్యి.”