బస్సెక్కిన మల్లయ్య కుక్క

ఆ ఆదివారం పొద్దున శంకరన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎమ్మిగనూరులో ఏడు గంటల బస్సెక్కి ఆదోని పోవాలి. బెంగళూరు నుంచి రైల్లో వచ్చే భారతి మేడం దగ్గర కుక్కను తీసుకోవాలి. మధ్యాహ్నం సంగటి వేళకు ఇల్లు చేరాలి. సోమవారం పొద్దున ఆ కుక్కను వెంటబెట్టి కూతురు సంధ్యను బడికి పంపాలి. ఇందులో ఎక్కడా దేవుడి ప్రస్తావన లేదు.

సంధ్యకు పదేళ్లు. ఫిట్సు వస్తాయి, ఎప్పుడొస్తాయో తెలియదు. ఒకసారి తండ్రి మగ్గం గుంతలో పడింది. ఇంకోసారి బడి మెట్ల మీద పడి ముందు పన్ను విరగ్గొట్టుకుంది. ఆ పన్ను చేతిలో పెట్టుకొని హెడ్మాస్టరు శ్రీనివాసులు సారు, "పిల్లను చూసుకొనేదానికి ఏదన్నా ఏర్పాటు చేసుకోని తీసుకరా శంకరన్నా. అంతవరకూ ఈ భయం నాకొద్దు" అని దండం పెట్టాడు. అప్పటినుంచి ఏడాదిన్నరగా సంధ్య ఇంట్లోనే ఉండి, పాత పుస్తకాలే మళ్లీ మళ్లీ చదువుకుంటోంది.

బెంగళూరులో ఒక ట్రస్టువాళ్లు ఇలాంటి పిల్లల కోసం కుక్కలకు తర్ఫీదు ఇస్తారని ఆసుపత్రిలో ఎవరో చెప్పారు. దరఖాస్తు పెట్టారు, ఏడాది ఎదురుచూశారు. దసరా సెలవుల్లో తల్లీ కూతురూ అక్కడ పదిరోజులుండి, బ్రూనో అనే కుక్కతో ఎలా మెలగాలో నేర్చుకొని వచ్చారు. ఫిట్సు రాబోతుంటే బ్రూనో పసిగట్టి సంధ్య మోకాలి మీద కాలు పెడుతుంది. పిల్ల పడిపోతే మనుషులు వచ్చేదాకా మొరుగుతుంది. శంకరన్న మాత్రం పెళ్లి చీరల పని నెత్తిమీద ఉందని పోలేదు. ఇంటిల్లిపాదిలో ఏమీ నేర్చుకోనివాడు అతనొక్కడే.

ఆదోని స్టేషన్లో భారతి మేడం కుక్క పగ్గం అతని చేతికిచ్చి, నిలబెట్టి పాఠం చెప్పింది. "ఈ నీలం కోటు వేస్తే బ్రూనో డ్యూటీలో ఉన్నట్టు. తీస్తే సెలవు. డ్యూటీలో సంధ్య తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. బయటివాళ్లు తిండి పెట్టకూడదు. నెల తర్వాత వచ్చి చూస్తాను. పని సరిగ్గా సాగకపోతే వెనక్కి తీసుకెళ్లాల్సి వస్తుంది, మరోలా అనుకోకండి."

"మీరేం బయపడాకండి మేడం, కండ్లల్లో పెట్టుకోని సూసుకుంటాము" అన్నాడు శంకరన్న. ఆమె తిరుగు రైలెక్కింది.

చిక్కు బస్సు దగ్గర వచ్చింది. "కుక్కకు బస్సులో సోటు లేదు, దిగు దిగు" అన్నాడు కండక్టరు. శంకరన్న ట్రస్టువాళ్ల కాగితాలు చూపించాడు. కండక్టరు వాటివైపు కన్నెత్తి చూడలేదు. డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సులో జనం గొణిగారు. చీర ఎల్లుండికి అయిపోతుందని చెప్పడం తప్ప శంకరన్నకు వేరే అబద్ధాలు రావు. ఆ క్షణంలో ఏం పుట్టిందో మరి, "అట్లనాకన్నా, ఇది ఉత్త కుక్క గాదు. మల్లయ్య కుక్క. పైగా ఈ పొద్దు ఆదివారం" అనేశాడు.

దేవరగట్టు కొండ మీది దేవుడు మల్లయ్యకు కుక్కంటే ప్రీతి, ఆదివారం ఆయన వారం. ఆ పక్క ఊళ్లలో ఆ రోజు కుక్కకింత పెట్టనిదే ముద్ద నోట్లో పెట్టనివాళ్లు ఉన్నారు. ఆ కండక్టరుది దేవరగట్టు పక్కనే ఉన్న హొళగుంద. అతను గబుక్కున చెప్పులు విప్పి, స్త్రీలకు అని రాసి ఉన్న ముందు సీటు ఖాళీ చేయించి, బ్రూనోను కూర్చోబెట్టాడు. దారి పొడవునా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. తన అబద్ధం ఇంత బాగా పనిచేసినందుకు శంకరన్నకు లోలోపల ముచ్చటేసింది.

ఎమ్మిగనూరు బస్టాండులో పెద్దయ్య కాచుకొని ఉన్నాడు. ఆయన మల్లయ్య దీక్ష తీసుకొన్న గొరవయ్య. నల్ల కంబళి, చేతిలో డమరుకం, నడుముకు పసుపు సంచి. బస్సు ఆగీ ఆగకముందే ఎక్కి, "ఏళుకోటి!" అని మల్లయ్యకు జేకొట్టి, "వచ్చినావా సామీ!" అంటూ బ్రూనో నుదుటికీ, వీపుకూ, మూతికీ దోసెడు పసుపు పూశాడు. బ్రూనో తుమ్మింది. "పలికినాడు" అన్నాడు పెద్దయ్య.

ఇంటి గడపలో శ్రీశైలమ్మ కుక్కనూ, మొగుణ్ణీ, వెనకాల వస్తున్న నలభై మందినీ చూసింది. "ఇదేం యేసమయ్యా? ముక్కుకు పసుపెవురు పూసినారు? ఆ ముక్కుతోనే గదా అది పని సేసేది!"

"ఒగ దినమే లేవే. రేపు నేనే సెప్తాను, ఉత్త కుక్కేనని."

మాట ప్రకారం మర్నాడు చెప్పాడు కూడా. "ఇది దేవుని కుక్క గాదప్పా. మా పాపకు ఫిట్సు వచ్చేది ముందే కనిపెట్టే కుక్క, అంతే."

"ఇంటిరా?" అన్నాడు పెద్దయ్య జనంవైపు తిరిగి. "రాబోయేది ముందే కనిపెడతాదంట! ఆయప్పే సెప్తాండాడు."

ఆ రోజే దేవక్క తప్పిపోయిన బర్రె గురించి అడగడానికి వచ్చింది. కొంగున మనవడి బిస్కెట్లు ముడేసుకొని ఉంది. బ్రూనో ఆమె మోకాలి మీద కాలు పెట్టింది. సాయంత్రానికి బర్రె దానంతటదే ఇల్లు చేరింది. ఇక అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఆదోని, హాలహర్వి, దేవనకొండల నుంచి జనం వచ్చారు. కాలు పెట్టించుకోవాలంటే బిస్కెట్టు కావాలని రెండో రోజుకే అందరికీ తెలిసిపోయింది. కుడికాలు పెడితే అవునని, ఎడమకాలు పెడితే కాదని, పడుకుంటే వాన వస్తుందని పెద్దయ్య అర్థాలు చెప్పేవాడు. బ్రూనో తిని తిని ఎక్కువగా పడుకునే ఉండేది. వాన మాత్రం పడలేదు.

సంధ్య బడి ప్రయాణం రేపటికీ, ఎల్లుండికీ వాయిదా పడుతూ వచ్చింది. గురువారం శ్రీనివాసులు సారే టెంకాయతో వచ్చేసరికి శంకరన్నకు ప్రాణం లేచి వచ్చింది. "సార్, పాపను రేపే పంపిస్తాను. కుక్క కూడా వస్తాది."

"నన్ను బదిలీ చేస్తారా చేయరా, ముందు అది అడుగప్పా" అన్నాడు సారు. బ్రూనో ఎడమకాలు పెట్టింది. బదిలీ తప్పిందని సారు కళ్లనీళ్లు పెట్టుకొని మొక్కాడు. తర్వాత బడి సంగతి విని ఉలిక్కిపడ్డాడు. "తమాషా చేస్తాండావా శంకరన్నా? దేవుణ్ణి బెంచీ కింద పండబెట్టి నేను పిల్లోళ్లకు భాగహారాలు చెప్పల్లా? కావాలంటే పాపనొక్కదాన్నే... వద్దులే, అదీ భయమే."

అప్పుడైనా శంకరన్న గట్టిగా నోరు విప్పవలసింది. విప్పలేదు. కారణం సిగ్గుచేటైనదే కానీ చెప్పాలి. సంధ్యకు ఫిట్సు మొదలైననాటి నుంచి ఆ ఇంటికి పెళ్లిపిలుపులు తగ్గాయి. వీధిలో వాళ్లు ఎవరి పాపమో అని గుసగుసలాడి, తమ పిల్లల్ని ఆ గడప తొక్కనిచ్చేవారు కాదు. ఇప్పుడు వాళ్లే చెప్పులు దూరంగా విడిచి, "శంకరన్నా, శంకరన్నా" అంటూ వాకిట్లో నిలబడుతున్నారు. ఆ పిలుపు అతనికి తియ్యగా ఉంది. పెళ్లి చీర పక్కన పెట్టి, జరీ అంచుతో పసుపుపచ్చ పట్టు కోటొకటి నేసి బ్రూనోకు తొడిగాడు.

"నాయినా, నీలం కోటు తియ్యొద్దు. తీస్తే సెలవనుకుంటాడు వాడు" అంది సంధ్య.

"పండగ బట్టలు లే బంగారూ. నాలుగు దినాలే."

ఆ నాలుగు దినాలు నెలయ్యాయి.

భారతి మేడం వస్తానన్న ఆదివారం రానే వచ్చింది. ఆమె వచ్చేలోపు జనాన్ని పంపేసి, నీలం కోటు తొడగాలని శంకరన్న అనుకున్నాడు. కానీ పెద్దయ్య తెల్లారకముందే వాకిట్లో షామియానా వేయించాడు. అరుగు మీద బ్రూనోను గొలుసుతో కట్టారు. శ్రీశైలమ్మ వచ్చినవాళ్ల కోసం పెరట్లో పాయసం కాచడంలో మునిగిపోయింది. టెంకాయల రాశికి చోటు కావాలని సంధ్యను లేపి, వాకిలి చివర చెప్పుల పక్కన కూర్చోబెట్టారు.

పదకొండు గంటలప్పుడు బ్రూనో తింటున్న బిస్కెట్టు వదిలేసి లేచింది. సంధ్యవైపు చూస్తూ గొలుసు లాగింది. ముందుకాలు గాలిలోకి ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. తర్వాత మొరగడం మొదలుపెట్టింది. ఆ నెలలో అది ఎన్నడూ అలా మొరగలేదు.

"సామి పలుకుతాండాడు! అందరూ కండ్లు మూసుకోని మొక్కండి!" అని అరిచి, పెద్దయ్య డమరుకం అందుకున్నాడు. జనం కళ్లు మూసుకున్నారు. శంకరన్న అందరికంటే ముందు మూసుకున్నాడు. మేడం ముందు పరువు నిలబెట్టమని మల్లయ్యను వేడుకున్నాడు కూడా. బ్రూనో గొంతు బొంగురుపోయేదాకా మొరిగింది. అది ఎంత మొరిగితే డమరుకం అంత జోరుగా మోగింది.

అప్పుడే ఆటో దిగిన భారతి మేడం ఒక్కతే కళ్లు తెరుచుకొని ఉంది. చెప్పుల మధ్య పడి కొట్టుకుంటున్న పిల్ల దగ్గరికి పరుగెత్తి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద చేయి పెట్టింది. సంధ్య పెదవి చిట్లింది. డమరుకం ఆగాక జనం కళ్లు తెరిచి, దర్శనం బాగా అయిందని అనుకుంటూ చెప్పుల కోసం వచ్చారు.

శంకరన్న మేడం కాళ్ల మీద పడ్డంత పని చేశాడు. "కుక్కదే తప్పు మేడం. తిని తిని బద్దకం పట్టింది. ఇంగో నెల టైమియ్యండి."

"కుక్క తప్పేమీ లేదు" అంది ఆమె. "నేను వీధి మలుపు తిరిగేటప్పటికే అది చెబుతోంది. నీలం కోటు లేకపోయినా, సెలవులో ఉన్నా చెప్పింది. మీ పాప పడబోతోందని అది మొత్తుకుంటుంటే మీరు కళ్లు మూసుకున్నారు." సంచిలోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకొని రాసింది. కుక్క పనితీరు సంతృప్తికరం. కుటుంబం పనితీరు సంతృప్తికరంగా లేదు.

మేడం గొలుసు విప్పగానే బ్రూనో వచ్చి పిల్ల పక్కనే పడుకుంది. శ్రీశైలమ్మ కూతురి తల ఒళ్లో పెట్టుకొని, మొగుడివైపు చూడను కూడా చూడలేదు. సంధ్య కాసేపటికి తేరుకొని, విషయం అర్థమై, కుక్క చెవి నిమురుతూ అంది. "తీస్కపోండి మేడం. ఈడుంటే వీన్ని దేవున్ని సేస్తారు. ఆడ ఇంగో పాపకన్నా పనికొస్తాడు."

శంకరన్న వాకిట్లోకి వచ్చి జనం మధ్య నిలబడి ఏడుస్తూ అరిచాడు. "వాడు దేవుడు గాదప్పా! బస్సెక్కేదానికి నేనే అబద్దమాడితి! నా బిడ్డ కుక్క వాడు!"

"పాపం, సామి ఎల్లిపోతాండాడని ఆయప్పకు మతి సెలించినాది" అన్నాడు పెద్దయ్య. అందరూ తప్పుకొని ఆటోకు దారిచ్చి, వంగి దండం పెట్టారు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే జనం మళ్లీ వచ్చారు. కుక్క లేదని శంకరన్న చెబితే, పర్వాలేదులే అని టెంకాయలు కొట్టిపోయారు.